జార్జి చిన్నరీయు హైదరాబాదు బిడ్డల పటమును

భద్రాచలమునకు వచ్చిన యాత్రికుఁడు గోదావరిలో స్నానమాడి, మెట్లెక్కి స్వామిని సేవించి, దిగి వచ్చునపుడు అంగడిలో నొక రామదాసు పటము కొని యింటికిఁ గొనిపోవుట పరిపాటి. పటములో నా భక్తుఁడు చెఱసాలలోఁ గూర్చుండి తంబుర మీటుచుండును. కాళ్లకు సంకెలలు, కన్నులలో నీరు. ఆ ముఖమును మనము తరతరములుగా నమ్మి మ్రొక్కుచున్నాము. కాని యది గోపన్న ముఖము కాదు. నేలకొండపల్లి వాఁడై, పాల్వంచకుఁ దహశీలుదారై, సర్కారు సొమ్ముతో గుడి కట్టించెనన్న నేరమునకు గోలకొండ చెఱలోఁ బడిన కంచెర్ల గోపన్నను ఎదుటఁ గూర్చుండఁబెట్టుకొని వ్రాసిన పటము మనకు మిగులలేదు. మనము చూచునది తరువాతివారి భక్తి గీచిన రూపము మాత్రమే.

ఇందొక వింత గలదు. ఆతనిని చెఱ పెట్టించిన అబుల్ హసన్ తానీషా ముఖము మనకుఁ దెలియును. 17వ శతాబ్దము చివర గోలకొండ చిత్రకారులు దక్కను సుల్తానుల రూపములను, మొగలు పాదుషాల రూపములను చిన్న పటములుగా వ్రాయుచుండిరి. ఇచ్చట వర్తకము సేయుచుండిన డచ్చివారు వానిని కొని తమ దేశమునకుఁ బంపిరి. అట్టి పటముల పుస్తక మొకటి ఆంస్టర్‌డాము నగరాధిపతియైన నికొలాస్ విట్సెను చేతికిఁ జేరి, ఇప్పుడు ఆ నగరమందలి రైక్స్ మ్యూజియములో నున్నది. అందు తానీషా గలఁడు. 1687లో ఔరంగజేబు గోలకొండను గైకొన్న పిదప ఆ రాజు దౌలతాబాదు కోటలో బందియై 1699లో మరణించెను. ఆతని రాజ్యము పోయినది, ముఖము మిగిలినది. ఆతని చెఱలోఁ గీర్తనలు పాడినవానికిఁ గీర్తనలు మిగిలినవి, ముఖము పోయినది.

ఎవరి ముఖములు కాలమునకు నిలుచును? ఎవరివి నశించును? రాజుల యుద్ధములను సంవత్సరములతో సహా నేర్చుకొనుచున్న మనము ఈ చిన్న ప్రశ్నను వేసికొనుట యరుదు. దీనికి సమాధానము వెదకుటకు ఒక ఐరోపా చిత్రకారుని జీవితమును, ఆతఁడు మన హైదరాబాదు బిడ్డల నిద్దఱను వ్రాసిన యొక పటము కథను చదువరుల ముందుంచుచున్నాను.

మొదట రాజాస్థాన చిత్రకారుఁడనఁగా నెవరో తెలిసికొందము. ఐరోపా రాజులకు రూపచిత్రము వట్టి యలంకారము కాదు, అది రాచకార్యము. ఫొటోగ్రాఫు లేని దినములలో ఒక రాజు ముఖము ఇంకొక రాజునకుఁ దెలియవలెనన్నఁ జిత్రకారుఁడే శరణ్యము. ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీ 1539లో క్లీవ్సు రాజకుమారి ఆన్ అను నామెను పెండ్లాడఁ దలఁచి, ఆమె రూపము వ్రాసి తెమ్మని హాల్బైను అను చిత్రకారునిఁ బంపెను. పటము చూచి సమ్మతించి, మనిషిని చూచి విముఖుఁడై, పెండ్లియైన యాఱు నెలలకే యా వివాహమును రద్దు చేసికొనెను. స్పెయినులో నాలుగవ ఫిలిప్పు నొద్ద వెలాస్కెజు, ఇంగ్లండులో మొదటి చార్లెసు నొద్ద వాన్ డైకు ఇట్టి కొలువులే చేసిరి. వారి కుంచెకు రెండు ధర్మములు. ముఖము పోలికను దప్పరాదు. యజమాని గౌరవమును తగ్గింపరాదు. ఈ రెంటికిని నడుమ నున్న సన్నని త్రోవలో నడచుటయే ఆ వృత్తియందలి నేర్పు.

ఇంగ్లీషు కంపెనీ మన దేశమున బలపడిన కొలఁదిని ఈ వృత్తివారి చూపు ఇటు మరలెను. 1769లో టిల్లీ కెటిల్ చెన్నపట్టణమున దిగి, ఆర్కాటు నవాబగు మహమ్మదాలీని, ఆతని కుమారులను వ్రాసెను. 1771లో ఫైజాబాదునకుఁ బోయి షుజాఉద్దౌలాను వ్రాసి, ధనముతో స్వదేశము చేరెను. ఆ ధన మైపోఁగా మఱల హిందూదేశమునకు బయలుదేఱి 1786లో త్రోవలోనే మరణించెను. ఆర్కాటు కొలువున ఆతని వెనుక వచ్చినవాఁడు జార్జి విల్లిసను. లక్నోలో అసఫుద్దౌలా కాలమున జోఫనీ యుండెను; తరువాత అదే రాజ్యమున రాబర్టు హోము ఆస్థానచిత్రకారుఁడై పెక్కేండ్లు పనిచేసెను. వీరందఱకు నొక్కటే యాశ: నవాబుల బొక్కసము. ఒక్కటే భయము: ఆ బొక్కసమునకుఁ దలుపులు మూయుట. ఓజియస్ హంఫ్రీ అనువాఁడు 1786లో లక్నోకుఁ బోయి నవాబును వ్రాసి, కూలి రాక, తన్నచ్చటికిఁ బంపిన దొరపై వ్యాజ్యము తెచ్చెను. ఆస్థానచిత్రకారుని జీవనము ఎంత వెలుగో అంత చీఁకటి.

హైదరాబాదు నిజాము కొలువునకు ఈ దొరల యవసరము పెద్దగా లేకపోయెను. నిజామలీఖాను నొద్ద దేశీయ చిత్రకారులే పేరెన్నికఁ గనిరి. వేంకటాచలము అను తెలుఁగు పేరుగల చిత్రకారుఁడు ఆ దర్బారును, వేటలను వ్రాసెను. తజల్లీ అలీషా అను పండితుఁడు చిత్రకారుఁడును, కవియు, చరిత్రకారుఁడునై ఆ రాజుచే సన్మానితుఁడయ్యెను. కనుక హైదరాబాదు బిడ్డల రూపము ఐరోపా కుంచెకు లోఁబడుట దర్బారు గుండఁ గాదు. కంపెనీవారి రెసిడెన్సీ గుండ.

జార్జి చిన్నరీ 1774 జనవరి 5వ తేదీన లండనులోఁ బుట్టెను. తాత వ్రాయసము నేర్పు గురువు. చిన్నరీ చేతికిఁ గలము నిలుకడ, సంకేతలిపియందలి ప్రీతి వంశమునుండియే వచ్చినవి. 1792లో రాయల్ అకాడమీ పాఠశాలలోఁ జేరెను. తరువాత లోకప్రసిద్ధుఁడైన టర్నరు ఆతనికి సహపాఠి. 1796లో ఐర్లండు ముఖ్యపట్టణమగు డబ్లినునకుఁ బోయి, తాను బసచేసిన యింటి యజమాని కూఁతురగు మారియాన్ విన్యను 1799లోఁ బెండ్లాడెను. ఇద్దఱు బిడ్డలు గలిగిరి. 1801లో ఐర్లండు పార్లమెంటు మూఁతపడి, ధనికులు లండనునకుఁ దరలిపోఁగా, డబ్లినులోఁ జిత్రములు వ్రాయించుకొనువారు తగ్గిరి. చిన్నరీ ఆలుబిడ్డలను విడిచి, ఒంటరిగా నోడనెక్కి, 1802 చివర చెన్నపట్టణము చేరెను. అప్పటికి ఇరువదియెనిమిదేండ్లవాఁడు. తాను విడిచి వచ్చిన యిల్లాలిని మఱల చూచుటకుఁ బదునైదేండ్లు పట్టెను.

చెన్నపట్టణమున ఆతని యన్నదమ్ములలో నొకఁడు కంపెనీ వ్యవహారములలో నుండుటచే దొరల పరిచయములు సులభముగా దొరికెను. మొదట దంతపు రేకులపైఁ జిన్ని రూపములు వ్రాసి, క్రమముగాఁ బెద్ద బట్టలపై తైలవర్ణములతో నిలువెత్తు పటములు వ్రాయ నారంభించెను. 1805లో ఆతనికి వచ్చిన పని యొకటి ఆతని హిందూదేశ చిత్రములలోఁ జిరస్మరణీయమయ్యెను. ఆ పని చేయించినవాఁడు హైదరాబాదు రెసిడెంటగు జేమ్సు అకిలీసు కర్క్‌పాట్రికు.

కర్క్‌పాట్రికు 1764లో చెన్నపట్టణమునందే పుట్టినవాఁడు. పారసీ, ఉరుదూ లెఱిఁగి, దర్బారు దుస్తులు ధరించి, హష్మత్ జంగు అను బిరుదు పొందెను. 1798లో నిజాము కొలువునందలి ఫ్రెంచి పటాలమును రక్తపాతము లేకుండ విడఁగొట్టించిన నేర్పరి. 1800లో కంపెనీకి లాభించు సంధిని కుదిర్చినవాఁడు నీతఁడే. ఆ సంధితో నిజాము విదేశవ్యవహారములు కంపెనీ చేతిలోఁ జిక్కినవి. అప్పటి నిజాము రాజ్యమునందే మన ఖమ్మము సీమయు, గోదావరి యొడ్డున భద్రాచలమును నుండెను. భద్రాచలము 1860లో నింగ్లీషువారి వశమై, స్వరాజ్యము వచ్చిన తరువాత 1959లోఁ గాని ఖమ్మము జిల్లాలోఁ గలియలేదు. కాఁబట్టి కర్క్‌పాట్రికు కలపు గీఁతలు మన యడవుల సరిహద్దులకును సంబంధించినవే.

ఆతఁడు ఖైరున్నిసా అను కులీన కన్యను ముస్లిము ఆచారము ప్రకారము వివాహమాడెను. ఆమె ప్రధానియైన మీరాలమునకు బంధువు. వివాహకాలమున ఆమెకుఁ బదునాలుగేండ్ల ప్రాయము. ఈ సంబంధమునుగూర్చి గవర్నరు జనరలు వెల్లెస్లీ విచారణలు జరిపించెను. పెక్కురు గ్రంథకర్తలు దీనిని ప్రేమకథగా వర్ణించిరి. దంపతుల నడుమ ననురాగము లేదనను. కాని పదునాలుగేండ్ల బాలిక వివాహమును కథగాఁ జెప్పునపుడు ఆ ప్రాయమును మఱచుట మనవంటివారికిఁ దగదు. మన తాతలనాఁటి యిండ్లలో నట్టి ప్రాయముననే, ఇంకను జిన్న ప్రాయముననే, బాలికలు తల్లులైరి. దానిని మాన్పుటకు మన పెద్దలు పడిన శ్రమయు మనకుఁ దెలియును.

ఆ దంపతులకు 1801 మార్చిలో కొడుకును, 1802 ఏప్రిలులోఁ గూఁతురును గలిగిరి. కొడుకునకు సాహెబ్ ఆలము, కూఁతునకు నూరున్నిసా సాహెబ్ బేగము అని పేళ్లు. కొడుకు నాలుగేండ్లవాఁడు, కూఁతురు మూఁడేండ్లది కాఁగానే వారిని ఇంగ్లండునకుఁ బంప నిశ్చయమయ్యెను. కారణము లేకపోలేదు. 1791లో కంపెనీవారు దేశీయ స్త్రీకిఁ బుట్టినవానికిఁ దమ కొలువులలో నుద్యోగ మియ్యరాదని కట్టడి చేసిరి. ఇచ్చటనున్నచో బిడ్డలు దొరలకు దొరలు గారు, నవాబులకు నవాబులు గారు. ఇంగ్లండునఁ బెరిగి ఆ నాగరకత నేర్చినచో బ్రదుకు దారి దొరకునని తండ్రి తలఁచెను. ఇంగ్లీషు న్యాయము ప్రకారము బిడ్డలపై సర్వాధికారము తండ్రిదే. తల్లి కొంత యడుగుకొనుటకు వీలు కల్పించు శాసనము ఆ దేశముననే 1839లోఁ గాని పుట్టలేదు.

అందుచే 1805లో బిడ్డలు హైదరాబాదు విడిచి చెన్నపట్టణము వచ్చిరి. ఓడ యెక్కుటకు ముందు తండ్రి వారి రూపములను వ్రాయించెను. ఆ పటము బిడ్డలను గోల్పోవుచున్న తల్లికై యుద్దేశింపఁబడినది. ఈ యొక్క విషయమును మనస్సునం దుంచుకొని పటమును జూడవలెను.

నిలువెత్తు బట్ట. పిల్లలిద్దఱు మెట్లమీఁద నిలిచియున్నారు. వెనుక తెరలును నీడయు. ఇద్దఱును హైదరాబాదు దర్బారు దుస్తులలో నున్నారు: జరీ పని చేసిన జామాలు, తలపై కుచ్చుటోపీలు, మెడలో ముత్యాల పేరులు, ముక్కు వంగిన చెప్పులు. బాలుఁడు మనవంక నేరుగాఁ జూచుచున్నాఁడు. నవాబు బిడ్డకుండవలసిన నిబ్బరమంతయు నా చూపులో నున్నది. చెల్లెలు అన్నను ఆనుకొని చూపు దించియున్నది. ఆ పసిదాని ముఖములో దర్బారు లేదు. ఆస్థానచిత్రకారుని మొదటి ధర్మము పోలిక, రెండవది గౌరవమని పైనఁ జెప్పితిని. దుస్తులలో, ముత్యాలలో, మెట్లలో గౌరవమును జెల్లించి, చిన్నరీ ఆ బాలిక కన్నులలోఁ బోలికను జెల్లించెను. కూలి యిచ్చినవాఁడు కోరనిది, చూచినవానికి మఱపురానిది, ఆ చూపు. తన బిడ్డల నిద్దఱిని సముద్రమున కావలి యొడ్డున విడిచి వచ్చినవానికి ఆ చూపు క్రొత్తది కాదు గదా యని నాకుఁ దోఁచును.

తల్లి యా పటములో లేదు. ఉన్నత కుటుంబపు ముస్లిము స్త్రీ పరదేశీయుఁడగు పురుషుని యెదుటఁ బటమునకై నిలుచుట ఆ కాలపు మర్యాదకు విరుద్ధము. దుస్తులు, నగలు ఆమె యింటివి, పటమును ఆమెకొఱకే, ఆమె మాత్రము లేదు.

బిడ్డలు 1805 సెప్టెంబరులో నోడనెక్కిరి. ఆ యేఁటనే అక్టోబరు 15వ తేదీన కర్క్‌పాట్రికు కలకత్తాలో మరణించెను. ఆతనికప్పుడు నలువదియొక్క యేఁడు. బిడ్డలకుఁ దండ్రి యంత్యకాలము తెలియదు, తల్లికి బిడ్డల గమ్యము కంటఁ గానరాదు. లండనులో 1806 మార్చిలో వారికి బాప్తిస్మమిచ్చి, సాహెబ్ ఆలమునకు విలియం జార్జి యనియు, సాహెబ్ బేగమునకుఁ గాథరిన్ ఆరోరా యనియుఁ బేళ్లు మార్చిరి. అప్పటినుండి వారిని జూచినవారెవరును ఆ పూర్వనామములతోఁ బిలువలేదు. ఆ పేళ్లతోఁ బిలువఁబడిన బిడ్డలకుఁ జిన్నరీ పటమే చివరి యునికి.

ఖైరున్నిసా కథ యింకను విషాదకరము. భర్త సమాధిని జూచుటకై కలకత్తాకుఁ బోయిన యామెకు అచ్చట భర్త సహాయోద్యోగి హెన్రీ రస్సెలుతో సంబంధమేర్పడెను. బంధువగు మీరాలము ఆమెను హైదరాబాదునకు రానీయలేదు. ఆమె మచిలీపట్టణములో దినములు గడపెను. రస్సెలు 1808లోఁ జెన్నపట్టణమునందు వేఱొక యామెను బెండ్లాడెను. పిదప ఆమె హైదరాబాదు చేరి, 1813 సెప్టెంబరు 22వ తేదీన మరణించెను. ఇరువదియేడేండ్ల లోపుగనో, కొలఁదిగా మించియో యుండును ఆమె వయస్సు. బిడ్డల నామె మఱల చూడలేదు.

కొడుకు విలియము బాల్యమున మరుఁగుచున్న నీటి కాఁగులోఁ బడి, ఒక చేయి కోల్పోయి, 1828లో మరణించెను. కూఁతురు కాథరిను, అందఱును పిలిచినట్లు కిట్టీ, గుణవతియు రూపవతియునై పెరిగెను. ఆమె బంధువులగు బుల్లరుల యింటఁ బిల్లలకుఁ జదువు చెప్పుచుండిన యువకుఁడు థామస్ కార్లైలు ఆమె నెఱుఁగును. ఆయన 'సార్టర్ రిసార్టస్' అను గ్రంథములోని బ్లూమిన్ అను పాత్రకు ఆమెయే యాధారమని పలువురి తలంపు. కాలక్రమమున ఆమె ఫిలిప్స్ అను సేనాధికారిని 1829లోఁ బెండ్లాడెను.

ఇచ్చట చిన్నరీ పటము మఱల కథలోఁ బ్రవేశించును. తల్లికై వ్రాయఁబడిన యా పటము చేతులు మారి, హెన్రీ రస్సెలు వశమై, ఇంగ్లండులో స్వాలోఫీల్డు అను నాతని మేడలో గోడకు వ్రేలాడుచుండెను. ఒకనాఁడు ఆ మేడకుఁ జూడవచ్చిన కిట్టీ, అచ్చట తన ముఖమును దానే చూచెను. మూఁడేండ్ల ప్రాయము, హైదరాబాదు దుస్తులు, మఱచిన పేరు. ఆమె కన్నీరు నిలుపుకొనలేకపోయెనని చెప్పుదురు. తల్లిని మోసపుచ్చినవాని గోడమీఁద తల్లికిఁ జేరవలసిన పటము! రస్సెలు తన మరణానంతరము దాని నామెకు జెందునట్లు చేసెను. ఆతఁడు 1852లో మరణింపఁగా పటము ఆమె యింటికి వచ్చెను.

అంతకుముందే 1841లో కిట్టీకి హైదరాబాదున తన యమ్మమ్మ షరఫున్నిసా యింకను బ్రదికియున్నదని తెలిసెను. మనుమరాలు ఇంగ్లీషున వ్రాసెను; అమ్మమ్మ పారసీలోఁ బ్రత్యుత్తర మంపెను. నడుమ ననువాదకులు, ఓడలు, నెలలు. ఒకరి భాష యొకరికి రాదు, ఒకరి మొగ మొకరు చూడలేరు. అమ్మమ్మ తన కూఁతురి తలవెండ్రుకల పాయ నొకటి మనుమరాలికిఁ బంపెను. చిన్నరీ పటములో లేని తల్లి ఈ విధముగాఁ గూఁతురిని జేరెను. 1847లో షరఫున్నిసా మరణముతో ఉత్తరములు నిలిచెను. కిట్టీ 1889 వఱకు జీవించెను. పటము తరువాత హాంగ్‌కాంగు షాంఘై బ్యాంకువారి సేకరణములోఁ జేరెను.

ఇఁక చిత్రకారుని మాట. 1807లోఁ జిన్నరీ కలకత్తాకుఁ బోయెను. అచ్చటికి ఆతనిని బిలిపించిన పని, సుప్రీముకోర్టు ప్రధానన్యాయాధిపతి సర్ హెన్రీ రస్సెలు పటము వ్రాయుట. ఈ న్యాయాధిపతియే పైన చెప్పిన రస్సెలునకుఁ దండ్రి! తల్లి కన్నీటి పటమును దండ్రి గౌరవ పటమును వ్రాసిన చేయి యొక్కటే. చిత్రకారుఁడు కథ నెఱుఁగఁడు, కూలి నెఱుఁగును. కొంతకాలము ఢాకాలోనుండి, 1812 తరువాత కలకత్తాలో పదుమూఁడేండ్లు ప్రధాన చిత్రకారుఁడుగా వెలిఁగెను. కూఁతురు 1817లోను, భార్య 1818లోను వచ్చిరి. కొడుకు 1822లో మరణించెను. సంపాదన మెండు, వ్యయ మంతకంటె మెండు. అప్పులవారికి వెఱచి మొదట డేనులకు లోఁబడిన శ్రీరామపురమునకును, పిదప 1825లో చీనా తీరమునఁ బోర్చుగీసులకు లోఁబడిన మకావునకును బోయెను. భార్య వెంట వెళ్లలేదు. ఆ యూరనే యిరువదియేడేండ్లు నివసించి, 1852 మే 30వ తేదీన మరణించెను. హెన్రీ రస్సెలు మరణించిన సంవత్సరమును, కిట్టీకిఁ బటము చేరిన సంవత్సరమును నదియే.

చిన్నరీ యశస్సు ఇప్పుడు దేనిమీఁద నిలిచియున్నది? ఆతఁడు కూలికి వ్రాసిన న్యాయాధిపతులను, సేనానులను, వర్తకులను నేఁడు పేరునుబట్టియే గుర్తింపవలెను. వారి ముఖములు మనల నాపవు. కూలి లేకుండ వ్రాసినవి వేఱు. ఉదయమున లేచి, పుస్తకము చేతఁబట్టి, చెన్నపట్టణపు తీరమునఁ బడవలను, వంగదేశమున గుడిసెలను, ఎద్దులను, నీళ్లు తెచ్చు స్త్రీలను, మకావులో పడవ నడుపు స్త్రీలను వేలకొలఁదిగా రేఖలలో వ్రాసెను. ప్రక్కన తాతనాఁటి సంకేతలిపిలో వెలుఁగునుగూర్చి, రంగునుగూర్చి గుఱుతులు వ్రాసికొనెను. ఇవి యెవరి గౌరవమునకును వ్రాసినవి కావు. వీనియందు ఒక్క లోపము గలదు: ముఖమున్నది, పేరు లేదు. ధనికుని పటము క్రిందఁ బేరుండును, ముఖమున జీవముండదు. పేదవాని రేఖలో జీవముండును, పేరుండదు. రెండును గలసిన పటములు ఆ కాలమున బహు తక్కువ. హైదరాబాదు బిడ్డల పటము వానిలో నొకటి. అందును బిడ్డల పేళ్లను మార్చివేసిరి.

ఈ విచారము మనలను మఱల గోదావరి యొడ్డునకుఁ దెచ్చును. భద్రాచలమునకు దిగువ, పాపికొండలకు ఇరుప్రక్కల నడవులలోఁ గోయలును, కొండరెడ్లును వసించుచున్నారు. నదికి ఒక యొడ్డు నిజామునకు, ఇంకొక యొడ్డు ఇంగ్లీషువారికి లోఁబడియుండినను పోడు వ్యవసాయము, ఇప్పపూవు, వెదురు ఇరువురికి నొక్కటే. వీరి ముఖములను ఏ యాస్థానచిత్రకారుఁడును వ్రాయలేదు. వ్రాయించుటకు వీరియొద్ద ధనము లేదు. వియన్నాలో 1909లోఁ బుట్టిన క్రిస్టాఫ్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుఁడు, రెండవ ప్రపంచయుద్ధమున శత్రుదేశీయుఁడని హైదరాబాదున నిలిపివేయఁబడి, నిజాము ప్రభుత్వము తోడ్పాటుతో వీరి నడుమ సంచరించెను. 1945లో కొండరెడ్లనుగూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. అందు వారి యిండ్లను, కుటుంబములను, పండుగలను వర్ణించుటయే గాక, వెదురు గుత్తదారులు వారినిఁ బీడించు విధమును గూడ వ్రాసెను. ఆతని కెమేరా పట్టిన ముఖములు కూలికిఁ బట్టినవి కావు. రాజు సెలవుతోనే వచ్చినవాఁడైనను, ఆతఁడు తన చూపును రాజువంకఁ ద్రిప్పలేదు. తానీషానాఁటినుండి రాజులను జూచుటకు వచ్చిన ఐరోపావారిలో, ఈ యడవి సరిహద్దునకు వచ్చి మనుష్యులను జూచినవాఁడు బహు ఆలస్యముగా వచ్చెను.

ఆలస్యమైనను వచ్చెనని సంతసించుట చాలదు. ఇతరులు వచ్చి మన ముఖములను వ్రాయువఱకు మన మేల యెదురుచూడవలెను? చిత్రకారునకు వందలకొలఁది రూకలు పోయవలసిన కాలము గతించినది. నేఁడు కోయగూడెమునఁ గూడ చేతిలో ఫోనున్నది, దానిలో కన్నున్నది. ముఖములు పట్టుట తేలిక యైనది. పేరు వ్రాయుట మాత్రము ఇంకను నేర్చుకొనలేదు. మన యిండ్ల గోడలపైఁ దాతల పటములుండును; అవ్వల పటములు తక్కువ. ఉన్నవానిలో, వెనుక వరుసలో నిలిచిన స్త్రీ యెవరని యడిగినచో, ఫలానివారి భార్యయందురు. ఫలానివారి తల్లియందురు. ఆమె పేరు చెప్పఁగలవారు క్రమముగాఁ దగ్గిపోవుచున్నారు. వారును పోయిన దినమున ఆ స్త్రీ చిన్నరీ రేఖలలో నీరు తెచ్చు స్త్రీవంటిదగును. పటములో నుండియు లేనిదగును.

కర్క్‌పాట్రికు 1803లో కట్టింప నారంభించిన రెసిడెన్సీ భవనము హైదరాబాదు కోటీలో నేఁటికిని నిలిచియున్నది. దాని తోఁటలో ఖైరున్నిసాకై కట్టించిన రంగమహలు కాలగర్భమునఁ గలిసినది. కాని భవనము వ్యర్థము కాలేదు. 1924లో స్థాపితమైన ఉస్మానియా స్త్రీల కళాశాల 1949లో నా మేడకు వచ్చెను. ఇప్పుడది మహిళావిశ్వవిద్యాలయమై, దొరతనమున కెదురు నిలిచిన చాకలి ఐలమ్మ పేరు ధరించియున్నది. దర్బారు సింహములు గల యా మెట్లమీఁద, పల్లెలనుండి వచ్చిన బాలికలు, ఖమ్మమునుండియు భద్రాచలమునుండియు వచ్చినవారును, పుస్తకములతో నెక్కి దిగుచున్నారు. పదునాలుగవ యేఁట పెండ్లియై, ఇరువదియేఁడ్లకే బిడ్డలను గోల్పోయిన యామె ఇల్లు నేఁడు ఆడుబిడ్డల చదువులకు నెలవయ్యెను. ఏ చిత్రకారుఁడును ఆమెకిట్టి పటము వ్రాసియుండఁడు.

కనుక చదువరులకు నాదొక చిన్న విన్నపము. ఈ నెలలో నొక దినమున మీ యింటిలోని పాత పటములను దింపి తుడువుఁడు. బ్రదికియున్న పెద్దవారిని ప్రక్కనఁ గూర్చుండఁబెట్టుకొని, ప్రతి ముఖమును జూపి పేరడుగుఁడు. స్త్రీల పేళ్లు ముందుగా నడుగుఁడు. పనివారు, దాదులు, బండి తోలువారు పటమూలలలో నున్నచో వారి పేళ్లును అడుగుఁడు. వెనుకవైపు పెన్సిలుతో మెల్లగా వ్రాయుఁడు. రామదాసు ముఖము మనకుఁ బోయినది; ఇఁక నది దొరకదు. మన యవ్వల పేళ్లు ఇంకను దొరకును, నేఁడు అడిగినచో.